నడుమూ నేనూ నీళ్ల టిన్నూ

ఇరవై లీటర్ల టిన్నులో నీళ్ల బరువే ఇరవై కిలోలు. ఈ లెక్క నాకు బడి రోజుల నుంచీ తెలుసు. అయినా ఆ ఉదయం పక్క ఫ్లాటాయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు కదా అని, మోకాళ్లు వంచకుండా నడుమొక్కటే వంచి, ఒక్క ఊపులో ఎత్తబోయాను. టిన్ను లేవలేదు. నేనూ లేవలేదు.

"ఏవండీ, అక్కడే ఉంటారా?" అంది మా ఆవిడ.

మధ్యాహ్నం దాకా దాదాపు అక్కడే ఉన్నాను.

ముందు అమృతాంజనం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు గానీ, మా అత్తగారు అది తన పుట్టింటి సరుకన్నంత ధీమాగా పట్టించారు. ఇల్లంతా ఘాటెక్కింది, నడుం మాత్రం కదల్లేదు. తర్వాత మా బామ్మర్ది. వాడు ఎదురుకాళ్లతో పుట్టాడు. అలా పుట్టినవాళ్లు తంతే నడుం పట్టు వదులుతుందని అత్తగారి నమ్మకం. "ఏమీ అనుకోకండి బావగారూ" అంటూనే తన్నాడు. మూడు చాలంటే నాలుగు తన్నాడు. అదేమిట్రా అంటే లెక్క తప్పిందన్నాడు. వాడు బ్యాంకులో క్యాషియరు.

చివరికి ఫిజియోథెరపీకి తీసుకెళ్లారు. మా అమ్మాయి వయసే ఉంటుంది ఆ డాక్టరమ్మకి. "అంకుల్, కాళ్లలో తిమ్మిర్లున్నాయా? మూత్రం మీద అదుపుందా?" అని అడిగింది. "నేనింకా రిటైరే కాలేదమ్మా" అన్నాను ఉక్రోషంగా. అదుపు తప్పిందంటే నడుము దగ్గర నరాలు గట్టిగా నొక్కుకుపోతున్నాయేమోనని అనుమానించాలట. అలాంటప్పుడు తన దగ్గరికి కాదు, ఉన్నపళాన పెద్దాసుపత్రికి పరుగెత్తాలట. నా ఉక్రోషం చల్లారింది.

బోర్లా పడుకోబెట్టింది. ఇక పటపటమని విరుస్తుందని పళ్లు బిగబట్టాను. రెండు బొటనవేళ్లూ వెన్నుపూస మీద ఆనించి, చంటిపిల్ల ఉయ్యాల ఊపినట్టు సన్నగా ఊపింది. అంతే. "కాస్త గట్టిగా నొక్కమ్మా, డబ్బులిస్తున్నాంగా" అని నోరు జారాను.

"ఇది మెయిట్‌లాండ్ అనే ఆస్ట్రేలియా ఆయన పద్ధతంకుల్. గ్రేడ్లుంటాయి. నొప్పి ఎక్కువున్నవాళ్లకి ఒకటీ రెండూ, కీళ్లు బిగుసుకున్నవాళ్లకి మూడూ నాలుగూ. మీది ఒకటి."

ముప్పై ఏళ్ల సర్వీసు చేసి మళ్లీ ఒకటో తరగతిలో పడ్డానన్నమాట.

ఇంత మెత్తగా చేస్తే ఏం తగ్గుతుందని అడిగాను. దెబ్బ తగిలినచోట చేత్తో రుద్దుకుంటే హాయిగా ఎందుకుంటుందని ఎదురడిగింది. స్పర్శ కబురు వెన్నులోకి చేరి, నొప్పి కబురుకి తలుపు ఓరగా వేస్తుందట. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు చెప్పిన మాట ఇది. మా ఇంట్లో పాత సంగతే. నేను ఆఫీసు నుంచొచ్చి నా గోడు మొదలుపెట్టేలోపు అత్తగారి ఫోనొస్తుంది.

చేతివైద్యం సగమే, మిగతా సగం ఇంటి దగ్గర వ్యాయామం, మంచానికి అతుక్కుపోకుండా నడవాలి అని మరీమరీ చెప్పింది. బోర్లా పడుకుని మోచేతుల మీద పైకి లేవాలి. బోర్లా పడుకోవడం దాకా శ్రద్ధగా చేశాను. ఆ తర్వాత నిద్రపట్టేది. "చేస్తున్నారా అంకుల్?" అంటే "రోజూనమ్మా" అనేవాణ్ని. ఆమె వేళ్లు ఓ క్షణం ఆగేవి. "మీ నడుం వేరేలా చెబుతోందే" అనేది.

ఇప్పుడు అసలు పాపం. నాలుగో సిట్టింగుకే నొప్పి పోయింది. ఇంట్లో చెప్పలేదు. ఎలా చెప్పను? కాఫీ మంచం దగ్గరికొస్తోంది. టిన్నులు వాచ్‌మన్ కొడుకు మోస్తున్నాడు. నొప్పున్నన్నాళ్లూ మగతనానికి పోయి మూలగలేదు గానీ, తగ్గాక మాత్రం శ్రుతి తప్పకుండా మూలిగాను.

ఎనిమిదో సిట్టింగుకి మా ఆవిడ తోడొచ్చింది.

"అంకుల్‌కి తగ్గి రెండు వారాలైందాంటీ. ఇక బరువులెత్తొచ్చు. కొద్దికొద్దిగా ఎత్తాలి కూడా, అప్పుడే నడుం గట్టిపడుతుంది."

ఆటోలో మా ఆవిడ ఒక్కమాట మాట్లాడలేదు. ఇంటికొచ్చేసరికి గుమ్మం పక్కన రెండు టిన్నులున్నాయి. తాళం తీసి, చీర కుచ్చిళ్లు పట్టుకుని వాటిని దాటి లోపలికెళ్తూ అంది:

"మోకాళ్లు వంచి ఎత్తండి."