తారీఖన్న

2020 మార్చి 22 దాకా ఆయనకు ఆ పేరు లేదు. హైదరాబాద్ శివార్లలోని మోకిల చుట్టుపక్కల ప్లాట్లు చూపించే పదిమందిలో ఆయనా ఒకడు. ఇస్త్రీ చెడని తెల్ల చొక్కా, జేబులో రెండు ఫోన్లు, బండి ట్యాంక్ కవర్లో నాలుగు మడతలు పెట్టిన లేఅవుట్ కాగితాలు. జనతా కర్ఫ్యూ జరిగిన ఆ ఆదివారం సాయంత్రం ముఖ్యమంత్రి కేసీఆర్ టీవీలో కనిపించి, మార్చి 31 దాకా రాష్ట్రమంతా లాక్‌డౌన్ అన్నారు. మర్నాడు పొద్దున పాలకేంద్రం ముందు క్యాన్లు పట్టుకుని నిలబడ్డ జనంలోంచి ఎవరో "31కి ఎత్తేస్తరంటవా?" అని ఎవరినీ అడగనట్టే అడిగారు. వెనకనుంచి జవాబు ఠక్కున వచ్చింది.

"ముప్పై ఒకటి కాదు తమ్మీ, ఏప్రిల్ ఐదు. పక్కా."

ఐదే ఎందుకని ఎవరూ అడగలేదు. అలా అడగకపోవడమే ఆయన పెట్టుబడి. ఆ పూట నుంచి ఆయన తారీఖన్న.

ఈ విద్య ఒక్క రాత్రిలో పట్టుబడింది కాదు. 1996 మార్చిలో వచ్చిన 111 జీవో, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల్ని కాపాడటానికి 84 ఊళ్ళలో కట్టడాలకు కళ్ళెం వేసింది. అప్పటినుంచి మొయినాబాద్, చేవెళ్ళ, శంకర్‌పల్లి వైపు భూమున్నవాళ్ళు కలిస్తే మొదటి మాట "బాగున్నవా", రెండో మాట "జీవో ఎప్పుడు ఎత్తేస్తరట?" ఎలక్షన్లయ్యాక, అసెంబ్లీ సమావేశాల్లో, దసరాకు, ఉగాదికి అంటూ ఇరవై ఏళ్ళకు పైగా జవాబులు చెప్పి చెప్పి తారీఖన్న నాలుక సాపయింది. లాక్‌డౌన్ వచ్చాక ఆయన కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు. "ఎత్తేస్తరు" అన్న క్రియ అదే, ముందున్న పదం ఒక్కటే మార్చాడు.

అదృష్టం కూడా కలిసొచ్చింది. మార్చి 29న ముఖ్యమంత్రే, కొత్త కేసులు రాకుంటే ఏప్రిల్ 7 నాటికి రాష్ట్రంలో కరోనా రోగులు ఉండరని చెప్పారు. తారీఖన్న ఐదన్నాడు, సీఎం ఏడన్నారు. "రెండు రోజులు అటో ఇటో" అన్నాడు తారీఖన్న, సీఎంను పెద్దమనసుతో క్షమిస్తూ. ఊరి పొలిమేరలో తుమ్మకంప అడ్డం వేసి కాపలా కూచున్న కుర్రాళ్ళు కూడా ఆయన బండిని ఆపడం మానేశారు.

ఇక తారీఖుల కోసం ఆయన వెదుక్కోవలసిన పని లేకపోయింది, అవే వచ్చి పడ్డాయి. కేంద్రం ఏప్రిల్ 14 అంటే రాష్ట్రం ఏప్రిల్ 30 అంది. కేంద్రం మే 3 అంటే రాష్ట్రం మే 7 అంది. కేంద్రం మే 17 అంటే రాష్ట్రం మే 29 అంది. మామూలు మనిషికి ఇందులో తల తిరుగుతుంది. తారీఖన్నకు మాత్రం ఇందులో వ్యాపారం కనబడింది. పాత ఊరివాళ్ళకు రాష్ట్రం తారీఖు చెప్పేవాడు, విల్లాలవాళ్ళకు కేంద్రం తారీఖు చెప్పేవాడు. ఇద్దరూ ఒకేచోట తగిలితే రెంటికీ మధ్యలో ఒకటి చూసి, "మే ఐదు" అని ఇద్దరికీ సమానంగా పంచేవాడు.

విల్లాలవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆయన ఉండటానికి కారణం, వాళ్ళలో సగంమందికి ఆ విల్లా చూపించింది ఆయనే కావడం. "అప్‌డేట్ ఏమైనా ఉందా అండీ?" అని రాత్రి పదకొండుకు ఒక తండ్రి అడిగేవాడు. పగలు పిల్లవాడు ల్యాప్‌టాప్ ముందు కూచుని జూమ్‌లో క్లాసు వింటూ కెమెరా ఆపేసి నిద్రపోయేవాడు. నెలకింత ట్యూషన్ ఫీజు తప్ప వేరే ఏదీ వసూలు చెయ్యొద్దని ఏప్రిల్ 21న ప్రభుత్వం 46 జీవో ఇచ్చింది గానీ, నిద్రకు కూడా ఫీజు కట్టాలా అన్న సంగతి అందులో లేదు. తారీఖన్న రెండు నిమిషాలు "టైపింగ్" అని కనబడి, చివరికి "జూన్ 12 సార్. ఫైల్ మీద సంతకం అయింది. రిలీజే ఆలస్యం" అని పెట్టేవాడు. కింద పన్నెండు నమస్కారాలు పడేవి.

ఫైల్ మీద సంతకం అయిందని ఆయనకెలా తెలుసు? సెక్రటేరియట్‌లో మనోడున్నాడు. ఈ మనోణ్ణి ఎవరూ చూడలేదు, పేరూ వినలేదు. ఆఫీసులు అంతకుముందు ఏడే బీఆర్కే భవన్‌కు మారిపోయాయి. 2020 జులైలో పాత సెక్రటేరియట్‌ను పునాదులతో సహా కూలగొట్టారు. అయినా మనోడు మాత్రం రోజూ రాత్రి ఎనిమిదికి సెక్రటేరియట్ నుంచే ఫోన్ చేస్తూ వచ్చాడు. ఏ ఇటుకల కుప్ప మీద కూచుని చేసేవాడో మరి.

తారీఖు తప్పిన రోజు ఆయన్ని చూడాలి. మామూలు జోస్యగాడు ఆ రోజు ఇంట్లోంచి బయటికి రాడు. తారీఖన్న ఒక అరగంట ముందే పాలకేంద్రానికి వస్తాడు. సున్నంతో గీసిన గుండ్రంలో రెండు కాళ్ళూ సర్దుకుని నిలబడి, మాస్కు గడ్డం కిందికి లాగి, ఎదురు దాడి మొదలుపెడతాడు.

"నేనేమన్న? పదిహేడు తర్వాత అన్ననా లేదా?"

"అన్నవు గని, ఇయ్యాల పద్దెనిమిది గదన్నా!"

"పద్దెనిమిది తర్వాత గాదా? ముప్పై తర్వాత గాదా? తర్వాత అంటే తర్వాతనే!"

దీనికి ఎవరి దగ్గరా జవాబుండదు. పైగా తారీఖు తప్పింది ఆయన ఒక్కడికే కాదు. ఇరవై ఒక్క రోజుల్లో గెలుస్తామన్నది ప్రధాని మాట. బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ నివేదికలో జూన్ 3 దాకా లాక్‌డౌన్ ఉండాలని ఉందని ఏప్రిల్ 6న ముఖ్యమంత్రి చెప్పారు. వుహాన్‌లో డెబ్బై ఆరు రోజులకు తలుపులు తెరిచారని టీవీవాళ్ళన్నారు. తారీఖన్న మార్చి 22కు డెబ్బై ఆరు కలిపి, సంచీలోని పాత లేఅవుట్ కాగితం వెనక లెక్క వేసి, జూన్ 6 తేల్చాడు. పంచాంగం, ప్రధాని, చైనా, బోస్టన్ నలుగురూ ఆయన దగ్గర ఒకే బల్ల మీద కూచునేవాళ్ళు. అందరి మాటా విని, చివరికి సొంత తారీఖు చెప్పేవాడు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన సేవలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. మే 6న వైన్ షాపులు తెరుస్తారన్న సంగతి, ధర ఎంత పెరుగుతుందో సహా, అవసరమైనవాళ్ళందరికీ ముందే తెలిసిపోయింది. "బడి ఎప్పుడు తెరుస్తరో గూడ గిట్ల ముందుగాల తెలిస్తే ఎంత బాగుండు" అని ఒక ముసలమ్మ ఆ వరస చూసి అంది. తారీఖన్న వినపడనట్టు ఊరుకున్నాడు.

అసలు ఆయన్ని రోజూ వదలకుండా అడిగింది పదో తరగతి పిల్ల. పరీక్షలు మార్చి 19న మొదలై మూడు పేపర్లయ్యాక, హైకోర్టు చెప్పడంతో ఆగిపోయాయి. మిగతా పేపర్ల కోసం ఆ పిల్ల హాల్‌టికెట్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి బియ్యం డబ్బా మీద ఉంచింది. పాలకు వచ్చినప్పుడల్లా, "పెద్దనాయనా, పరీక్షలెప్పుడు?" ఏప్రిల్ నుంచి ఆయన పాటగా చెప్పిన తారీఖు, "జూన్ 8 బిడ్డా." మే నెలలో ప్రభుత్వం షెడ్యూలు విడుదల చేసింది. జూన్ 8! ఊరు నోరు వెళ్ళబెట్టింది. తారీఖన్న ఆ రోజు రెండు ఫోన్లూ బయటికి తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. అంతలో గ్రేటర్ హైదరాబాద్ పరిధిలో పరీక్షలు వద్దని హైకోర్టు అంది. ఒకచోట పెట్టి ఒకచోట పెట్టకుంటే ఎలా అని ప్రభుత్వం, సరిగ్గా జూన్ 8నే, మొత్తం పరీక్షలు రద్దు చేసి ఐదు లక్షల ముప్పై వేలకు పైగా పిల్లల్ని పాస్ చేసేసింది.

"నా తారీఖు కరెక్టే," అన్నాడు తారీఖన్న, "పరీక్షనే రాలే."

ఆ ఊళ్ళో నిజం తెలిసినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. ఆశా వర్కరు. ఎండలో ఇల్లిల్లూ తిరిగి జ్వరం, దగ్గు అడిగి రాసుకునేది ఆవిడ. ఏ ఇంట్లో ఎవరు మంచానపడ్డారో, గాంధీ ఆసుపత్రికి ఎవర్ని తీసుకెళ్ళారో ఆవిడకే తెలుసు. "ఎప్పుడు ఎత్తేస్తరక్కా?" అంటే ఆవిడ, "నాకు తెల్వదమ్మా, ఎవలకూ తెల్వది" అనేది. నూటికి నూరుపాళ్ళూ నిజం. అందుకే ఆవిడను ఎవరూ రెండోసారి అడగలేదు. తారీఖన్న దగ్గరికే వెళ్ళేవాళ్ళు. ఒట్టిదని తెలిసినా, ఇరవై రోజుల తర్వాత ఒక తారీఖు ఉందంటే ఈ ఇరవై రోజులు ఎట్లాగో దాటొచ్చు. తీరా ఆ రోజు వచ్చేసరికి ఇంకో తారీఖు సిద్ధంగా ఉంటుంది. ప్రభుత్వాలు కూడా "తెలియదు" అన్న మాట ఏ ఉత్తర్వులోనూ రాయలేదు. "ఫలానా తేదీ వరకు" అని రాసి, ఆ తేదీ దగ్గరపడేసరికి దాన్ని ముందుకు జరిపాయి. తారీఖన్నకూ వాళ్ళకూ తేడా ఒక జీవో నంబరే.

ఆయన మాట వినకుండా కదిలింది విల్లాలు కట్టే కూలీలు. "మూడు దినాలు ఆగండి భయ్యా" అని ఆయన హిందీ, తెలుగు కలిపి చెబుతూనే ఉన్నాడు. మే 1 తెల్లవారుజామున మనకు దగ్గర్లోని లింగంపల్లి నుంచే దేశంలో మొదటి శ్రామిక్ రైలు జార్ఖండ్‌లోని హటియాకు కదిలిందని తెలిశాక, వాళ్ళు మూటలు కట్టేశారు. తారీఖుల కంటే రైళ్ళు నమ్మకమని వాళ్ళకు తెలుసు.

ఇంత ధారాళంగా తారీఖులు పంచే మనిషి, ఒకరి దగ్గర మాత్రం నోరు కట్టేసుకున్నాడు. చేవెళ్ళ దగ్గర పాలీహౌస్‌లో గులాబీలు పెంచే రైతు ఒకాయన వచ్చి అడిగాడు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పూలు పోవడం లేదు. పెళ్ళిళ్ళు లేవు, గుళ్ళు లేవు, చిలుకూరు బాలాజీ గుడికి కూడా తాళం. విచ్చిన పూలను తెంపి గట్టు మీద పారబోస్తున్నాడు, తెంపకపోతే చెట్టు చెడుతుంది. "ఇప్పుడు కొమ్మ కత్తిరిస్తే నెలన్నరకు పూత వస్తది. గప్పటికి పెండ్లిళ్ళు షురువైతయా అన్నా? జెర తారీఖు చెప్పు."

తారీఖన్న మాస్కు సరిచేసుకున్నాడు. ఒక ఫోన్ తీసి చూసి జేబులో పెట్టుకున్నాడు. రెండోది తీశాడు. ఆఖరికి, "నాకేమెరుక పటేలా, నీ ఇష్టం" అన్నాడు. ఊరికే ఎదురుచూసేవాళ్ళకు తారీఖు ఇస్తాడు గానీ, దాన్ని నమ్మి పైసలు పెట్టేవాడికి ఇవ్వడు. ప్లాట్ల వ్యాపారంలో ఈపాటి నీతి ఉందంటే నమ్మడం కష్టమే, కానీ ఉంది.

బడులు మాత్రం తెరుచుకోలేదు. 2020 సెప్టెంబర్ 1 నుంచి టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. కరెంటు పోతే లెక్కల పాఠం, కేబుల్ పోతే సైన్సు పాఠం పోయేది. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది వాళ్ళకు బడి తెరిచారు, మార్చి 24న మళ్ళీ మూశారు. ప్రైవేటు బడి సార్ ఒకాయన జీతం లేక కూరగాయల బండి పెట్టుకుంటే, ఏప్రిల్ నుంచి ప్రభుత్వం అలాంటివాళ్ళకు నెలకు రెండు వేలు, పాతిక కిలోల బియ్యం ఇచ్చింది. తారీఖన్న ఆయన దగ్గర బేరమాడకుండా టమాటాలు కొని, "జులై ఒకటి సార్, సున్నాలు గూడ ఏస్తున్నరు" అని ధైర్యం చెప్పేవాడు. జులై 1న తెరిచింది ఆన్‌లైనే.

చివరికి 2021 సెప్టెంబర్ 1 అని ప్రభుత్వం తేల్చింది. ఊరంతా యూనిఫామ్‌లు బయటికి తీసింది. పదిహేడు నెలల్లో పిల్లలు పెరిగారు, లాగులు పెరగలేదు. "ఈసారి బంగారం లాంటి తారీఖు" అన్నాడు తారీఖన్న. ఆగస్టు 31న హైకోర్టు, ఏ పిల్లవాణ్ణీ బడికి రమ్మని బలవంతపెట్టొద్దంది. బడి తెరిచినట్టా, తెరవనట్టా? ఆ రాత్రి తారీఖన్నకు వచ్చినన్ని ఫోన్లు హైకోర్టుకు కూడా వచ్చి ఉండవు. ఒక ఫోన్‌లో "తెరుస్తరు", రెండో ఫోన్‌లో "తెరవరు" అని చెప్పి, తెల్లారి ఇద్దరి దగ్గరా నిజం చెప్పినవాడయ్యాడు. ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న పిల్లలు, బడి గడప మొదటిసారి తొక్కేసరికి రెండో తరగతిలో ఉన్నారు.

ఒమిక్రాన్ వచ్చి 2022 సంక్రాంతి సెలవుల్ని జనవరి 30 దాకా లాగింది. ఫిబ్రవరి 1న బడులు తెరుచుకున్నాక మళ్ళీ మూతపడలేదు. ఏప్రిల్‌లో 69 జీవో వచ్చి, 111 జీవో ఆంక్షలు కూడా పోయాయన్నారు. రెండూ ఎత్తేసినట్టే. ఊరందరూ సంబరపడుతుంటే తారీఖన్న ఒక్కడే వారం రోజులు ముభావంగా తిరిగాడు. అడిగేవాడు లేనిచోట ఆయనకు ఊపిరాడదు.

ఎంతో కాలం కాదు లెండి. రీజినల్ రింగ్ రోడ్డు ఎటునుంచి పోతుందో, ఎప్పుడు వేస్తారో అని చేవెళ్ళ నుంచి శంకర్‌పల్లి దాకా జనం అడగడం మొదలుపెట్టారు. తారీఖన్న మొహం వెలిగింది, చొక్కా ఇస్త్రీ మళ్ళీ నిలిచింది.

"రోడ్డెప్పుడన్నా?"

"దసరాకు తమ్మీ. పక్కా."

"ఏ దసరాకన్నా?"

"గదే వద్దనేది. తారీఖు చెప్తిని గద, సంవత్సరం గూడ నేనే చెప్పాల్నా?"