రెండు వందల ఒకటో యూనిట్

మేముండేది 201లో. రెండో అంతస్తు, మెట్లెక్కగానే ఎడమచేతి ఫ్లాటు. పేరుకు రెండు పడకగదులు. ఒకదాంట్లో మంచం వేస్తే మనిషి పట్టడు, రెండోదాంట్లో మనిషి నిలబడితే మంచం పట్టదు. హైదరాబాదులో దీన్ని 'కాంపాక్ట్' అంటారు, అద్దె మాత్రం కాంపాక్ట్‌గా ఉండదు.

ఇంత కొంపకు మే నెలలో వచ్చిన కరెంటు బిల్లు 2,999 రూపాయలు.

చీటీ చూసి మా ఆవిడ, "ఏమండీ, చెప్పులేమన్నా కొన్నారా?" అంది. చెప్పుల షాపువాళ్లు తప్ప అలాంటి అంకె ఎవరూ వేయరని ఆమె నమ్మకం.

బిల్లు చీటీ నాలుగు వేళ్ల వెడల్పు, మూరెడు పొడవు. దాచిపెడితే కొన్నాళ్లకు అక్షరాలు వెలిసిపోయి తెల్లకాగితం మిగులుతుంది, మన జీతంలాగే. ఎనర్జీ చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు, యూనిట్‌కు ఆరు పైసల విద్యుత్ సుంకం వరసగా దిగుతూ వచ్చి, చివర్లో 'లాస్/గెయిన్' అని ఒక వరస ఉంది. దానికెదురుగా 28 పైసలు. చిల్లరను రూపాయికి సరిచేసే లెక్క అది. ఆ సంగతి తెలిసేదాకా, ఎవరో మన కష్టసుఖాలను తూచి 28 పైసలని తేల్చారనుకున్నాను.

అసలు అంకె పైన ఉంది. 412 యూనిట్లు. కిందటి నెల 190.

మా అమ్మ వెంటనే తేల్చేసింది. "ఎవరో మన తీగకు తీగ తగిలించారురా. పక్కింటివాళ్లు ఈమధ్య మరీ ఎక్కువ నవ్వుతున్నారు."

సరే, దొంగను పట్టాలని మెట్ల కిందున్న మీటర్ల దగ్గరికి దిగాను. అక్కడ పది మీటర్లు గోడకు వరసగా కూర్చుని ఉంటాయి, కింద పాత సైకిలు, చిరిగిన సిమెంటు బస్తా. మా మీటరు మొహాన చిన్న ఎర్ర దీపం. అది 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ అని మీటరు మీదే రాసి ఉంది. పై నుంచి మా అబ్బాయి ఫోన్ చేశాడు. "నాన్నా, మెయిన్ దించేశా." దీపం ఆగిపోయింది. అంటే బయటి చెయ్యేమీ లేదు, పక్కింటివాళ్లది ఉత్త నవ్వే. దొంగ మా ఇంట్లోనే ఉన్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆయన ఇంటికి మీటరు లేదు కాబట్టి ఆ సామెత పుట్టింది.

ఒక్కొక్క స్విచ్ వేయమన్నాను. లైట్లకు దీపం అప్పుడప్పుడూ మిటకరించింది. ఫ్యాన్లకు నింపాదిగా కన్ను కొట్టింది. బాత్రూమ్ స్విచ్ ఎత్తగానే పూనకం వచ్చినట్టు ఊగిపోయింది. గీజరు! ఏప్రిల్ రెండో వారంలో వచ్చి వెళ్లిన మా బావమరిదికి మండుటెండల్లోనూ వేన్నీళ్లు కావాలి. ఆయన వేసిన స్విచ్ ఆయన రైలెక్కినా దిగలేదు. మరి నెల్లాళ్లు ఎవరూ గమనించలేదా అంటారేమో. మే నెలలో హైదరాబాదు మేడ మీద నల్ల ట్యాంకు నీళ్లు ఎలా ఉంటాయో మీకు తెలియనిదా? ఏ కుళాయి తిప్పినా పొగలే. అందులో గీజరు వేడి ఏదో, సూర్యుడి వేడి ఏదో చెప్పగలిగినవాడికి పద్మశ్రీ ఇవ్వొచ్చు.

రెండో దొంగ గోడ మీద ఉన్నాడు. ఏసీ స్విచ్ వేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని కేంద్రం 2020 జనవరి నుంచి నిబంధన పెట్టింది. మా ఏసీ చట్టాన్ని గౌరవించి 24తోనే లేస్తుంది. మా అబ్బాయి రెండు సెకన్లలో దాన్ని 18కి దించుతాడు. దించిన పది నిమిషాలకు వాడే దుప్పటి అడుగుతాడు. జాలీ తీసి చూస్తే రెండేళ్ల దుమ్ము పరుపులా పరుచుకుని ఉంది. ఏసీకే ఊపిరాడటం లేదు, మాకేం చల్లదనం ఇస్తుంది?

అయినా మనసొప్పక ఆఫీసుకు వెళ్లాను. "మీటరు స్పీడుగా తిరుగుతోందండీ" అన్నాను. అక్కడి పెద్దమనిషి చీటీ చూశాడు, నన్ను చూశాడు. "మీటరు కరెక్టే సార్. మీరే జర స్పీడున్నరు" అన్నాడు. ఆయన నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది, పక్కన కూలరు తిరుగుతోంది. వాటి బిల్లు ఆయన తలకు తగలదు, గాలి మాత్రం తగులుతుంది.

ఆ రాత్రి మా అబ్బాయి, ఇంటర్ ఎంపీసీ, కాగితం ముందేసుకుని నాకు పాఠం చెప్పాడు. చదువుకిన్ని లక్షలు పోసినందుకు మొదటిసారి పనికొచ్చాడు.

"చూడు నాన్నా. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి ఇవే రేట్లు. నెలకు 200 యూనిట్లు కాలిస్తే మొదటి వంద 3 రూపాయల 40 పైసలు, రెండో వంద 4 రూపాయల 80 పైసలు. మొత్తం 820. ఇప్పుడు 201 కాల్చావనుకో."

"ఒక్క యూనిట్టేగా. ఐదో ఆరో ఎక్కువ."

"కాదు. నువ్వు 200 దాటిన మనిషివయ్యావు. కాబట్టి మొదటి రెండు వందలకు కూడా రేటు మారిపోతుంది. అన్నీ 5 రూపాయల 10 పైసలే. పైన ఒకటికి 7 రూపాయల 70. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు."

నేను వేళ్ల మీద తీసేశాను. 207 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కు!

యూనిట్ అంటే వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఒక గంట కాల్చే కరెంటు. ఆ గంటలో ఎన్ని చొక్కాలు రుద్దితే 207 రూపాయలు గిట్టుబాటవుతాయో ధోబీఘాట్‌లో అడగాలి. కిరాణా కొట్లో ఇరవై కిలోల బియ్యం తూయించుకుని, "ఇంకో కిలో వెయ్యి నాయనా" అన్నారనుకోండి. కొట్టతను ఆ కిలో ధర పెంచితే సర్దుకుంటాం. సంచిలో పోసి మూతికట్టిన ఇరవై కిలోలకూ కొత్త రేటు చెబితే? మళ్లీ ఆ వీధి తొక్కం. కరెంటుకు రెండో కొట్టు లేదు, అందుకే అక్కడ తక్కెడ మాట్లాడుతుంది, మనం వింటాం.

ఎక్కువ కాల్చేవాడు ఎక్కువ కట్టాలనే మాట న్యాయమైనదే. రాజభవనంలాంటి ఇంట్లో నాలుగు ఏసీలు వేసుకున్నవాడూ, రేకుల ఇంట్లో ఫ్యాను వేసుకున్నవాడూ ఒకే రేటు కడితే అది అన్యాయం. కాకపోతే పేదకూ ధనికుడికీ మధ్య గీత గీసిన చెయ్యి సరిగ్గా మా వంటింటి మీదుగా గీసింది. ఫ్రిజ్ ఇవతలుంటే మేం పొదుపరులం, మిక్సీ తిరిగితే విలాసపురుషులం.

విజయవాడలో ఉన్న చెల్లెలికి ఫోన్లో మొర పెట్టుకున్నాను. "మాకీ దూకుడు లేదన్నయ్యా. 2022లోనే తీసేశారు. 30 యూనిట్ల దాకా 1 రూపాయి 90, 400 దాటితే 9 రూపాయల 75. ఎక్కిన మెట్టుకే డబ్బు, దిగువ మెట్లు కదలవు" అంది గర్వంగా. ఓ క్షణం ఆగి గొంతు తగ్గించింది. "కాకపోతే సర్దుబాటని ఒకటుంటుంది. 2022-23లో కాల్చిన కరెంటుకు 2024 డిసెంబరు నుంచి కట్టించుకున్నారు. అప్పుడు ఈ ఇంట్లో మేం లేం. ఎవరో ఏసీ వేసుకున్నారు, మాకు చెమటలు పోశాయి." పూర్వజన్మ కర్మను ఈ జన్మలో అనుభవించడం విన్నాం. పాత అద్దెకున్నవాళ్ల కర్మను అనుభవించడం కొత్త వేదాంతం.

మర్నాటి నుంచి ఇంట్లో అత్యవసర పరిస్థితి విధించాను. ముప్ఫై రోజులకు 200 యూనిట్లంటే రోజుకు ఆరూ ముప్పావుకు కాస్త తక్కువ. గీజరు స్విచ్‌కు పసుపు దారం కట్టాం. రిమోట్‌ను బీరువాలో నగల పక్కన పెట్టి తాళం వేశాం. నగలు బ్యాంకులో ఉన్నాయి కాబట్టి చోటుకు లోటు లేదు. టీవీని రిమోట్‌తో ఆపితే సెట్‌టాప్ బాక్సు మేలుకునే ఉంటుందని, గోడ దగ్గరే ఆపాలని అమ్మకు చెప్పాను. "కోడలి కష్టాలు సగంలో ఉన్నాయిరా, నీ వాట్లు తగలెయ్య" అంది. పాత ఫ్యాను 75 వాట్లు లాగుతోందని, ముప్ఫై వాట్ల లోపే తిరిగే కొత్త రకం కొందామని అబ్బాయి అన్నాడు. ధర చూశాక పాత ఫ్యాను గాలిలో కమ్మదనం కనిపించింది.

అసలే రోహిణి కార్తె. రోళ్లు పగులుతాయంటారు. మా ఇంట్లో రోలు లేదు గనక మేమే పగిలాం.

దీనివల్ల ఒక మేలు జరిగింది. రాత్రి ఏడయ్యేసరికి మా పది ఫ్లాట్ల జనమూ చాపలు పట్టుకుని మేడ మీదికి చేరడం మొదలుపెట్టాం. ఏళ్ల తరబడి లిఫ్టులో ఫోన్లు చూసుకుని తలలు తిప్పుకున్నవాళ్లం, షుగరు ఎంతుందని అడిగినట్టు పలకరించుకున్నాం.

"మీరెంతలో ఉన్నారు?"

"నూట నలభై రెండు."

"అదృష్టవంతులు. మాకు ఇవాళ పొద్దున్నే నూట తొంభై. డాక్టరు... అదే, మా అబ్బాయి, వాషింగ్ మిషన్ మానేయమన్నాడు."

నెల సగంలోనే 200 దాటిన మూడో అంతస్తాయన ఒక్కడే మేడ మీదికి రాలేదు. దాటాక ఇంకేముంది, పోయేదంతా పోయిందని తలుపులు మూసుకుని ఏసీ కింద పడుకున్నాడట. సన్యాసం తీసుకున్నవాడి ప్రశాంతత ఆయనది.

జూన్ 8, మృగశిర కార్తె. రీడింగ్ రోజు. ఊరంతా చేపల వెంట పడితే నేను మీటరు వెంట పడ్డాను. కిందటి రీడింగ్ 18412. పొద్దున ఆరింటికి 18612. సరిగ్గా రెండు వందలు! ఇంట్లో ఇడ్లీ పిండి కోసం ఫ్రిజ్ ఒక్కటి ఉంచి అన్నీ దించేశాను.

పదింటికి రీడింగ్ కుర్రాడొచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. మిషన్ తీశాడు, నొక్కాడు, మళ్లీ నొక్కాడు.

"సార్, బ్యాటరీ అయిపోయింది. జర మీ ఇంట్ల చార్జింగ్ పెట్టుకుంటా. పావుగంట చాలు."

ఇంతకాలం నేను నన్నో ఉదారుడిగా భావించుకునేవాణ్ని. నా నోరు కదలకముందే బుర్ర లెక్క కట్టేసింది. పది వాట్లు, పావుగంట. యూనిట్‌లో నాలుగు వందలో వంతు.

"ఎదురింట్లో అడుగు బాబూ. మా ప్లగ్గు లూజు" అన్నాను.

ఎదురింటాయన తలుపు సందులోంచే, "మాదీ లూజే" అన్నాడు. ఆ పూట మా అంతస్తులో బిగుతుగా ఉన్న ప్లగ్గు లేదు.

మా గోడ వెనక రేకుల గదిలో పూలు కట్టే అవ్వ ఉంటుంది. ఒక ఫ్యాను, రెండు బల్బులు. తెల్ల కార్డు ఉంది కాబట్టి 2024 మార్చి నుంచి ఆమెకు సున్నా బిల్లు. తెల్ల కార్డువాళ్లకు రెండు వందల దాకా ఉచితమైనా, ఆమె మీటరు ఎన్నడూ అరవై దాటిన పాపాన పోలేదు. "ఇటు రా బిడ్డా, గీ ప్లగ్గుల పెట్టుకో. ఎండల పడి వచ్చినవ్, కూసో, చాయ్ తాగుతవా?" అని గోడవతల నుంచి వినిపించింది.

పావుగంట అన్నవాడు చాయ్ తాగి, బిస్కట్టు తిని, అవ్వ మనవడి ఉద్యోగం సంగతి విని ముప్పావుగంటకు వచ్చాడు. ఆ ముప్పావుగంటా నేను మీటరు ముందు కాపలా ఉన్నాను. ఎర్ర దీపం కునుకుతున్నట్టే ఉంది. ఇంతలో పైన మా ఫ్రిజ్ గుర్రుమని లేచిన చప్పుడు మెట్ల దాకా వినిపించింది. దీపం గబగబా కన్ను కొట్టింది. నా కళ్ల ముందే రెండు నెమ్మదిగా మూడయింది. 18613.

కుర్రాడు మిషన్ ఆనించాడు. చీటీ కరకరమంటూ బయటికొచ్చింది. చూపు దానిమీదికి పోనివ్వకుండా, ఆఖరి ఆశతో అడిగాను.

"బాబూ, ఆ 201 మా ఫ్లాటు నంబరే కదా?"

"కాద్సార్," అన్నాడు మూతి తుడుచుకుంటూ. "యూనిట్లు."