పెంకుటింటి యాంటెన్నా ఆత్మకథ

ఈ ఆత్మకథ చెప్పుకుంటున్నది ఒక టీవీ యాంటెన్నా. ఐదు అల్యూమినియం గొట్టాలు, వాటిని వరసగా బిగించిన నడిమి కడ్డీ, వైరు తగిలించే చిన్న ప్లాస్టిక్ డబ్బా, ఇంతే దీని ఒళ్లు. 1980ల నడుమ, దూరదర్శన్ రిలే కేంద్రానికి ఇరవై కిలోమీటర్ల దూరంలోని ఒక పల్లెలో, పెంకుటింటి పక్కన పాతిన ఇనుప పైపు కొసన దీన్ని నిలబెట్టారు. దీనికి కరెంటు అక్కర్లేదు. గాలిలో వచ్చే రేడియో తరంగాన్ని పట్టి, వైరు మీదుగా ఇంట్లోకి దించడమే జీవితకాలం చేసిన పని.

దీని వంశమూలం జపానులో ఉంది. సెందాయ్ నగరంలోని తొహోకు ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో షింతారో ఉడా, హిదెత్సుగు యాగి 1926లో ఈ రూపాన్ని ప్రకటించారు. శ్రమలో పెద్ద వాటా ఉడాది, పేరు మాత్రం యాగికి దక్కింది. సొంత దేశంలో దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 1942లో సింగపూరును గెలిచిన జపాను సేనకు అక్కడి బ్రిటిష్ రాడార్ కాగితాల్లో ‘యాగి’ అన్న మాట కనబడితే, అదేమిటో ఒక యుద్ధఖైదీని అడిగి తెలుసుకోవలసి వచ్చిందంటారు.

ఐదు గొట్టాల్లో వైరు తగిలేది ఒక్కదానికే. దాని పేరు డైపోల్. దాని పొడవు పట్టవలసిన తరంగంలో సగం. రిలే కేంద్రాలు ఎక్కువగా వాడిన మూడో బ్యాండు 174 నుంచి 230 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. 200 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు మీటరున్నర, కాబట్టి డైపోల్ ముప్పాతిక మీటరుకు కాస్త తక్కువ. దాని వెనక కొంచెం పొడవైన రిఫ్లెక్టర్, ముందు కొంచెం పొట్టివైన మూడు డైరెక్టర్లు ఉంటాయి. వీటికి ఏ వైరూ ఉండదు. తరంగం తాకినప్పుడు వీటిలో పుట్టిన విద్యుత్తు మళ్లీ తరంగంగా వెలువడుతుంది. ముందు నుంచి వచ్చిన సంకేతానికి అది డైపోల్ దగ్గర తోడవుతుంది, వెనక నుంచి వచ్చినదాన్ని చాలావరకు కొట్టేస్తుంది. కొత్తగా బలమేమీ పుట్టదు. అన్ని వైపులా సమంగా చూసే చూపు ఒక దిక్కుకు కుదురుకుంటుంది, అంతే. ఈ యాంటెన్నాకున్న ప్రతిభ అంతా ఆ పక్షపాతమే.

హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. అంతకు ముందే, 1975-76లో, ‘సైట్’ అనే ఉపగ్రహ ప్రయోగం కింద తెలుగు పల్లెలు కొన్ని టీవీ చూశాయి. అక్కడ వాడినవి వల అల్లిన మూడు మీటర్ల గొడుగులు, అవి వేరే జాతి. ఈ యాంటెన్నాకు బతుకుదెరువు చూపింది 1984. ఆ ఏడు కొన్ని నెలల పాటు దూరదర్శన్ దాదాపు రోజుకొక ట్రాన్స్‌మిటర్ చొప్పున నిలబెట్టింది. వాటిలో చాలావాటి శక్తి 100 వాట్లు. ఆనాటి నట్టింటి బల్బు తినే కరెంటెంతో అంత. ఈ కేంద్రాలు ఇన్సాట్-1బి ఉపగ్రహం నుంచి ఢిల్లీ కార్యక్రమాలను దింపి మళ్లీ ప్రసారం చేసేవి. దాంతో తెలుగు ఊళ్లో యాంటెన్నా పెట్టుకుంటే ముందుగా దిగింది హిందీ. శుక్రవారం వచ్చే తెలుగు సినిమా పాటల కార్యక్రమం చిత్రలహరి కావాలనుకున్నవారు హైదరాబాద్ వైపు తిప్పి, పైపుకు ఇంకో పైపు అతికి ఎత్తు పెంచి చూసేవారు. దూరం ఎక్కువైతే ఆ తంటా ఫలించేది కాదు.

ఎత్తుకు లెక్క ఉంది. ఈ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి, నేల వంపు దాటి ఎక్కువ వంగవు. వంద మీటర్ల టవరుకు దిగంతం సుమారు 41 కిలోమీటర్లు. పది మీటర్ల పైపు మీద యాంటెన్నా ఉంటే ఇంకో 13 కిలోమీటర్లు కలుస్తాయి. చెట్టుచేమ, కొండ అడ్డొస్తే ఆ లెక్క తప్పుతుంది.

దిక్కు కుదర్చడానికి ఇద్దరు మనుషులు కావాలి. పైపు తిప్పేవాడికి బొమ్మ కనబడదు, బొమ్మ చూసేవాడికి పైపు అందదు. “వచ్చిందా?” అని బయటి నుంచి ఒక కేక, “వచ్చింది... పోయింది మామయ్యా, కొంచెం వెనక్కి!” అని లోపలి నుంచి ఇంకొకటి. తెర నిండా చుక్కలుంటే సంకేతం చాలలేదని అర్థం. ప్రతి మనిషికీ కుడిపక్కన నీడలాంటి ఇంకో మనిషి కనబడితే జబ్బు వేరు. ఏ గుట్టకో తగిలిన తరంగం చుట్టూ తిరిగి ఆలస్యంగా చేరుతోందన్నమాట. కిలోమీటరున్నర ఎక్కువ దూరం తిరిగితే ఆలస్యం ఐదు మైక్రోసెకన్లు. తెర వెడల్పులో దాదాపు పదో వంతు పక్కన రెండో బొమ్మ పడడానికి అది చాలు. మందు ఒకటే, గుట్టను వదిలి టవరును చూసేలా ఇంకాస్త తిప్పడం.

బూస్టర్ మీద ఈ యాంటెన్నాకు గొప్ప అభిప్రాయం లేదు. అది సంకేతాన్నీ రొదనూ కలిపి పెంచుతుంది. పెడితే పైపు కొసన, యాంటెన్నా పక్కనే పెట్టాలి. టీవీ వెనక పెట్టేసరికి వైరు తినవలసింది తినేసి ఉంటుంది.

చూడడానికి నెలనెలా ఇచ్చుకోవలసిందేమీ లేదు. 1980ల నడిమి దాకా మాత్రం టీవీ పెట్టుకున్నవారు పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టేవారు. 1987 జనవరిలో ‘రామాయణ్’ మొదలయ్యాక ఆదివారం పొద్దున ఈ ఒక్క పైపు కింద సగం వీధి కూర్చునేది. యాంటెన్నాకు కాకుల బరువు తప్ప ఆ గౌరవంలో వాటా రాలేదు. గాలివానకు దిక్కు మారేది. చదునైన రిబ్బను వైరు ఎండకు పెళుసుబారేది, తడిస్తే సంకేతం తగ్గేది. మరల దగ్గర పట్టిన చిలుమును గీకితే బొమ్మ మళ్లీ తేరుకునేది. పిడుగులు పడేటప్పుడు వైరు ఊడదీసి పెట్టడం తెలిసినవాళ్ల పద్ధతి.

1990ల్లో కేబుల్ వచ్చింది, 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. ఒకటి రెండు చానళ్లు దింపే పైపుకేసి తలెత్తి చూసేవాడు లేడు. 2004 చివర దూరదర్శన్ తానే ఉచిత డీటీహెచ్ తెచ్చింది, దానికి కావలసింది గొడుగు. 2022 నాటికి పాత పద్ధతి ట్రాన్స్‌మిటర్లు కొన్ని సరిహద్దు ప్రాంతాల్లో తప్ప దాదాపుగా ఆగిపోయాయి. 2016లో డిజిటల్ భూప్రసారం మొదలైన పదహారు నగరాల్లో చెన్నై, బెంగళూరు ఉన్నాయి, హైదరాబాద్ లేదు. ఈ పల్లెలో ఈ గొట్టాలకు పట్టవలసిన టీవీ తరంగమే లేకుండా పోయింది.

దీని జాతి అంతరించలేదు. అమెరికాలో 2009 జూన్ 12న పెద్ద స్టేషన్లన్నీ డిజిటల్‌కు మారాయి, యాంటెన్నాలు మాత్రం మారనక్కర్లేకపోయింది. లోహపు గొట్టానికి అనలాగ్, డిజిటల్ తేడా తెలియదు, తరంగం పొడవే తెలుసు. అక్కడి 7 నుంచి 13 దాకా చానళ్లు 174-216 మెగాహెర్ట్జ్‌లోనే ఉన్నాయి, ఈ యాంటెన్నా కొలతలకు సరిపడేవే. మిగతావి చాలావరకు ఇంకా పొట్టి తరంగాల యూహెచ్ఎఫ్ బ్యాండులో ఉంటాయి, వాటికి పొట్టి గొట్టాలు కావాలి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబం స్థానిక వార్తలు, ఆటలు పైసా ఖర్చు లేకుండా చూడాలంటే ఈ దారి ఇప్పటికీ ఉంది, తెలుగు చానళ్ల కోసం మాత్రం ఇంటర్నెట్‌నే నమ్ముకోవాలి. చెక్క కప్పు రేడియో తరంగాలను చాలావరకు పోనిస్తుంది కాబట్టి అక్కడ అటకలోనే బిగించుకునేవారూ ఉన్నారు. ఇనుప కమ్మీలున్న మన శ్లాబు కింద ఆ వీలు తక్కువ. డిజిటల్‌లో చుక్కలు, నీడబొమ్మలు ఉండవు. సంకేతం చాలినంత ఉంటే బొమ్మ నిండుగా వస్తుంది, చాలకపోతే ముక్కలై ఆగిపోతుంది. అప్పుడు చేయవలసింది మాత్రం మారలేదు: ఎత్తు పెంచాలి, దిక్కు సరిచూడాలి, వైరు మొనలు శుభ్రం చేయాలి.