బావగారి చక్రసేవ

బ్రేకు వెయ్యకుండా కారు నడపడం సాధ్యమేనా అన్న ఆలోచన మా బావగారికి అలాయ్ చక్రాలొచ్చాకే పుట్టింది. పాత కారుకి ఇనప చక్రాలు, వాటిమీద ప్లాస్టిక్ వీల్ క్యాపులు. అందులో ఒకటి హనుమంతవాక దగ్గర గోతిలో ఊడి ఎటో దొర్లిపోతే, మిగిలిన మూడింటితో ఏళ్ళ తరబడి విశాఖపట్నమంతా నిశ్చింతగా తిరిగిన మనిషాయన.

కొత్త కారు కొనేటప్పుడు షోరూమ్ కుర్రాడు "డైమండ్ కట్ సార్" అన్నాడు. ఆ నిశ్చింత అక్కడితో సరి. నిజానికి చక్రంలో వజ్రమేమీ ఉండదు. పోతపోసిన అల్యూమినియం చక్రాన్ని లేత్‌కి బిగించి, వజ్రపు మొన ఉన్న పనిముట్టుతో ముఖం చెక్కుతారు. ఆ మెరుపు చెడకుండా పైన అద్దంలాంటి క్లియర్ కోట్ కొడతారు.

"ముక్కుపుడకకి రాయడిగితే వచ్చే ఏడాది చూద్దామన్నారు. కారుకి మాత్రం నాలుగు డైమండ్లా?" అంది అక్క.

"స్టెప్నీకి ఇనుమేలేవే" అని సర్దిచెప్పారు బావగారు.

విశాఖలో కొత్త బండి ముందు సంపత్ వినాయకుడి గుడికి వెళ్ళాలి. చక్రాలకి పసుపు కుంకుమ, కింద నిమ్మకాయలు. అక్కడ బావగారు అర్చకుడిని పక్కకి పిలిచి, బొట్టు టైరు రబ్బరు మీద పెడితే శాస్త్రం ఒప్పుకుంటుందా అని అడిగారు. నిమ్మకాయ చితికితే రసం ఎటు చిమ్ముతుందని కూడా అడిగారు. వెనక బళ్ళు హారన్లు కొడుతున్నాయి. "స్వామి అన్నీ చూసుకుంటాడు, ముందు మీరు బండి తియ్యండి" అన్నాడాయన.

అసలు శత్రువు పసుపూ కాదు, నిమ్మరసమూ కాదు. బ్రేకు. బ్రేకు వేసినప్పుడల్లా ప్యాడ్లు ఇనప డిస్కుని రాసుకుంటాయి. రాలిన పొడి వేడివేడిగా వచ్చి చక్రానికి అతుక్కుంటుంది, ఇనుము కాబట్టి తడి తగలగానే అక్కడే తుప్పు పడుతుంది. బ్రేకు పడితే బండి బరువు ముందుకి తూలుతుంది గనక ముందు చక్రాలకే ఈ పొడి ఎక్కువ. వెనకవాటికి డ్రమ్ బ్రేకులైతే అది చాలావరకు డ్రమ్ములోనే ఉండిపోతుంది. బావగారి ఇల్లేమో వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో. ఎటు బయల్దేరినా దిగుడే, దిగినంతసేపూ బ్రేకే. ముందు చక్రాలు సోమవారం నాటికి వెండి, శనివారం నాటికి బొగ్గు.

అందువల్ల ఆదివారం చక్రసేవ. నేను బావమరిదిని, అంటే జీతం లేని క్లీనర్ని. సేవకి నియమాలున్నాయి. చక్రం చల్లారాలి, లేకపోతే మందు వేడికి ఆరిపోయి మరక పడుతుంది. ఒంటికి వాడిన బకెట్టు చక్రానికి పనికిరాదు, చక్రానికి వాడింది ఒంటికి అసలే పనికిరాదు, ఎందుకంటే అందులోని ఇసక రంగుని గీరేస్తుంది. ఇక్కడ ఒళ్ళంటే కారుది, బావగారిది కాదు. ఆ తరవాత ఐరన్ రిమూవర్ కొట్టాలి. అది ఇనప పొడిని పట్టుకోగానే ఊదారంగుకి తిరిగి ధారగా కారుతుంది, కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. మొదటిసారి ఆ రంగు చూసి అపార్ట్‌మెంటు పిల్లలంతా మూగారు. ఆ వాసనకి గుడ్డయినా ముట్టని పక్క ఫ్లాటువాళ్ళు సెక్రటరీకి ఉత్తరం రాశారు.

సలహాలకి కొదవలేదు. ఇత్తడి బిందె తోమినట్టు చింతపండుతో తోమమంది కింది ఫ్లాటు పిన్నిగారు. వాషింగ్ సోడా వెయ్యమన్నాడు వాచ్‌మన్. "సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది పిన్నిగారూ" అని వాచ్‌మన్‌కి చెప్పాల్సింది కూడా ఆవిడకే చెప్పారు బావగారు. "పైగా మనం తోమేది లోహాన్ని కాదు, దానిమీది పూతని. మెటల్ పాలిష్ రుద్దితే పూత మసకబారుతుంది." పిన్నిగారు కాసేపు ఆలోచించి, "మరి లోపలిది తళతళలాడుతోందని ఇంత ఖర్చు పెట్టి, దాన్ని ముట్టుకోనే కూడదా?" అన్నారు.

ఆ మాట బావగారి మనసులో పడింది. ఆ నెల్లోనే భీమిలి రోడ్డు మీద కంకరరాయి ఎగిరి పూతకి చిన్న గాటు పెట్టింది. ఉప్పుగాలికి అంత సందు చాలు. పూత కింద నుంచే తెల్లటి సన్న గీతలు పాకడం మొదలెట్టాయి. మళ్ళీ లేత్‌కి ఎక్కించి చెక్కిస్తే పోతాయిగానీ, చెక్కినప్పుడల్లా కాస్త లోహం పోతుంది. ఇక పూతే లేకుండా చేసేస్తే పోలేదా అని ఆటోనగర్ వెళ్ళారు. అక్కడి మేస్త్రీ నాలుగు చక్రాల పూతా ఊడదీసి, బఫింగ్ వీలుతో అద్దం చేసి ఇచ్చాడు. నెల తిరక్కుండా అద్దం మసకేసింది.

మళ్ళీ వెళ్ళాం. బావగారు పాలిష్ అద్దుకుని తానే రుద్దడం మొదలెట్టారు. గుడ్డ నల్లబడింది. ఇంకో గుడ్డ. అదీ నల్లబడింది. "ఎంత మురికుందో చూడు!" అన్నారు ఉత్సాహంగా.

మేస్త్రీ టీ గ్లాసు దించి, "మురికెప్పుడో పోనాది బాబుగారూ. ఇప్పుడొస్తంది మీ చక్రమే" అన్నాడు.

నిజమే. బోడి అల్యూమినియాన్ని ఎన్నేళ్ళు రుద్దినా గుడ్డ నల్లబడుతూనే ఉంటుంది. గాలి తగలగానే ఆ లోహం మీద సన్నని అల్యూమినా పొర కడుతుంది. అది లోపలి లోహానికి కవచం. చాలా పాలిష్‌లలో ఉండే రాపిడి పొడి కూడా అల్యూమినాయే. ఒడిశాలోని డామంజోడిలో నాల్కో తయారుచేసే అల్యూమినా మన విశాఖ పోర్టు నుంచే ఓడలెక్కుతుంది. అక్కడ అది ఎగుమతి, బావగారి గోళ్ళ సందుల్లో మట్టుకు శ్రమదానం.

1924లో బుగాటీ కంపెనీ టైప్ 35 రేసు కారుకి అల్యూమినియం చక్రాలు వేసింది, బరువు తగ్గి బండి దూసుకుపోవాలని. మా బావగారి దగ్గర ఆ చక్రానికి వేరే వృత్తి దొరికింది. తిరిగే చక్రం మెరుపు ఎవడికీ ఆనదు, నడిపేవాడికి అసలే కనపడదు. మెరుపు కనపడాలంటే బండి ఆగి ఉండాలి. పైగా ఆగిన బండికి బ్రేకుతో పనిలేదు, బ్రేకు లేకపోతే పొడి లేదు. ఈ తర్కం కుదిరాక బావగారు రైతుబజారుకి ఆటోలో వెళ్తున్నారు.

చివరికి అక్క పోరు పడలేక కారు అమ్మకానికి పెట్టారు. ఒక కుర్రాడొచ్చాడు. మీటరు చూసి, ఇంత తక్కువ తిరిగిందా అని మురిసిపోయి, అడిగిన ధరకి ఒప్పుకున్నాడు. అడ్వాన్సు లెక్కపెడుతూ చక్రాల వైపు చూశాడు. బావగారు గుండె విప్పార్చుకుని నిలబడ్డారు.

"వీటికి బ్లాక్ పెయింట్ కొట్టించేస్తానండీ. బ్రేకు పొడి కనపడదు, కడిగే పని ఉండదు."

బావగారు అడ్వాన్సు తిరిగిచ్చేశారు. బేరం ఆగిపోయింది. కారు ఎలాగూ ఆగే ఉంది.