నన్ను తుక్కుకు వేయలేదు

వర్ధన్నపేటలో వరంగల్–ఖమ్మం రోడ్డు పక్కనున్న ఒక జిరాక్స్ షాపులో పనిచేసే డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను నేను. నాలో ఉన్నది ఇంటెల్ ఐ3 మూడో తరం ప్రాసెసర్. ఆ తరం 2012లో మార్కెట్లోకి వచ్చింది. నా మొదటి కొలువు హైదరాబాద్‌లోని ఒక ఆఫీసులో. అక్కడ కొత్త యంత్రాలు రాగానే నన్నూ నా తోటివాళ్లనూ లాటుగా అమ్మేశారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీ గురించి కంప్యూటర్ కొన్న తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మా షాపు యజమాని నన్ను అక్కడే కొని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఆయన పిల్లలు ఆయనను బాపు అంటారు. నేనూ అలాగే అంటాను.

షాపులో పని తెల్లారినప్పటి నుంచే మొదలయ్యేది. ఆధార్ ప్రింట్లు, హాల్ టికెట్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్ల దరఖాస్తులు, తహసీల్దారుకు పెట్టుకునే అర్జీలు. 2020 అక్టోబర్‌లో ధరణి భూ రికార్డుల పోర్టల్ వచ్చాక భూమి కాగితాల కోసం వచ్చే రైతులు పెరిగారు. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలోకి భూ భారతి వచ్చింది. పోర్టల్ పేరు మారింది గానీ పాసు పుస్తకం సంచిలో పెట్టుకుని ఇల్లంద నుంచో రాయపర్తి నుంచో వచ్చి నిలబడే పెద్దమనిషి ఆత్రం మారలేదు. ఆయన చూపు నా తెర మీదే ఉండేది.

షాపుకు వచ్చిన కొత్తలో నాలో ఉన్నది విండోస్ 7. డబ్బు పెట్టి కొన్నది కాదు, ఎవరో తాళం పగలగొట్టి పంచిన కాపీ. ఆ కాపీకి అప్‌డేట్లు వచ్చేవి కావు. రోజంతా ఊరివాళ్ల పెన్‌డ్రైవ్‌లు నాలోకి వచ్చి పోతుంటాయి కదా, వాటితో షార్ట్‌కట్ వైరస్ వచ్చేది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయేవి. ఇంటర్ పిల్లల ప్రాజెక్టు ఫైళ్లు నా వల్లే పోతున్నాయని అనుకునేవాళ్లు. ఫార్మాట్ కొట్టించడం, మళ్లీ అదే కాపీ వేయించడం, ఇదే తంతు. 2020 జనవరి 14తో విండోస్ 7కు మద్దతు ఆగింది. తర్వాత విండోస్ 10 వేశారు. నా 4 జీబీ ర్యామ్‌కూ పాత హార్డ్ డిస్క్‌కూ అది భారమైంది. దానికి కూడా 2025 అక్టోబర్ 14తో సాధారణ మద్దతు అయిపోయింది. విండోస్ 11 నాకు అందదు. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైవాటికే అది అధికారికంగా వర్తిస్తుంది, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. నా మదర్‌బోర్డు ఒక్కరోజు కూడా మొరాయించలేదు. అయినా తేదీ ప్రకారం నా ఆయువు తీరింది.

అప్పుడు నన్ను కాపాడింది బాపు పెద్దబిడ్డ. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతోంది. వాళ్ల కాలేజీలో గ్లగ్ ఉంది, అంటే లినక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టం వాడేవాళ్ల బృందం. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ ఇలాంటి బృందాలను ఎన్నో ఇంజనీరింగ్ కాలేజీల్లో నిలబెట్టింది. తెలుగులో కనిపించే ఒక ఆపరేటింగ్ సిస్టంను కూడా ఆ సంస్థ తయారు చేసింది. ఇన్‌స్టాల్ ఫెస్ట్ పెట్టి పిల్లల ల్యాప్‌టాప్‌లలో లినక్స్ ఎక్కించడం ఆ అమ్మాయి అక్కడే నేర్చుకుంది.

“ఇది ఇగ పోయినట్టే బిడ్డా. తుక్కోళ్లకు ఏస్తే ఎంతో కొంత వస్తది” అన్నాడు బాపు.

“పోలేదు బాపు. దీంట్ల సామాను మంచిగనే ఉన్నది. లినక్స్ ఏసి సూద్దాం.”

“షాపు నడిచేదే దీని మీద. ఉన్నది గూడ పోతే ఎట్ల?”

“ఇప్పుడే లోపల ఎక్కియ్య. పెన్‌డ్రైవ్ మీదికెళ్లి నడిపి సూపిస్త. నీకు నచ్చితేనే ఏద్దాం.”

ఆ రోజు నా హార్డ్ డిస్క్‌ను ముట్టకుండానే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ నా తెర మీదికి వచ్చింది. వైఫై దొరికింది, పాట మోగింది, బ్రౌజర్ తెరుచుకుంది. డ్రైవర్ల సీడీ కోసం ఎవరూ వెతకలేదు, చాలా పరికరాల డ్రైవర్లు కెర్నెల్‌లోనే, అంటే ఆపరేటింగ్ సిస్టం గుండెలోనే ఉంటాయి గనుక. ఏ ప్రోగ్రామూ తెరవకముందు అది వాడుకున్న ర్యామ్ దాదాపు 1 జీబీ. మిగతాదంతా పనికే మిగిలింది. బాపు ఒప్పుకున్నాక పాత డిస్క్ తీసి ఒక ఎస్ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్ వేశారు. అంతే ఖర్చు. ఆపరేటింగ్ సిస్టంకు రూపాయి కట్టలేదు. ఎవరి తాళమూ పగలగొట్టలేదు. నాకు ఆ రెండోదే ముఖ్యం.

ఇదంతా ఎవరిచ్చారని నాకు చాలాసార్లు అనిపిస్తుంది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ రాశాడు. గ్నూ జీపీఎల్ లైసెన్సు కింద ఎవరైనా ఆ కోడ్‌ను చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. మార్చి పంచినవాళ్లు మాత్రం తమ మార్పులను కూడా అదే హక్కుతో ఇవ్వాలి. 1993లో డెబియన్ మొదలైంది, దాని నుంచి 2004లో ఉబుంటు, దాని నుంచి 2006లో మింట్. కాకతీయుల గొలుసుకట్టు చెరువులున్న మా ప్రాంతంలో దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. పై చెరువు అలుగు పోస్తే కింది చెరువు నిండుతుంది. నాలో ఉన్న మింట్ 22కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి.

షాపు పనిలో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది తెలుగు. ఐబస్ అనే టైపింగ్ సాధనంలో తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన వంటి కీబోర్డు అమరికలు ఉన్నాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు స్వేచ్ఛా లైసెన్సుతో డెబియన్ భాండాగారంలోనే దొరుకుతాయి. పోతన మహాకవి ఊరు బమ్మెర మాకు పొరుగునున్న పాలకుర్తి మండలంలోదే. నేను పోతన ఖతిలో ఒక రైతు అర్జీ ముద్రించిన ప్రతిసారీ నాకు అది గుర్తొస్తుంది. లిబ్రె ఆఫీస్‌లో యూనికోడ్‌లో కొట్టిన ఆ అర్జీ రైతు కొడుకు ఫోన్‌లోనూ అక్షరం చెదరకుండా తెరుచుకుంటుంది. ఆ ఫోన్ ఆండ్రాయిడ్‌దైతే దానిలో ఉన్నదీ లినక్స్ కెర్నెలే.

నాకు చేతకానివీ చెప్పాలి. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు మన ఊళ్లలో పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో తయారవుతాయి. ఇక్కడ అవి నడిచేది విండోస్ మీదే. ఆ పని షాపులో పక్క బల్ల మీది విండోస్ యంత్రమే చూసుకుంటుంది. వేలిముద్ర తీసే పరికరాల్లో కొన్నింటికి తయారీదారులు లినక్స్ డ్రైవర్లు ఇవ్వలేదు. జిరాక్స్ షాపుల్లో తరచూ కనిపించే ఒక చిన్న లేజర్ ప్రింటర్‌ను నాతో కలపడానికి పెద్దబిడ్డ ఒక ఆదివారమంతా టెర్మినల్ ముందు కూర్చుంది. అన్నీ వాటంతట అవే నడుస్తాయని ఎవరైనా చెబితే నమ్మొద్దు. చాలావరకు నడుస్తాయి, కొన్నింటికి ఓపిక కావాలి.

రాత్రి షట్టర్ దించాక నేను బాపు కొడుకు చిన్నోడి సొంతం. “అక్కా, దీంట్ల ఆటలు నడుస్తయా?” అన్నదే లినక్స్ గురించి వాడు అడిగిన మొదటి ప్రశ్న. సూపర్‌టక్స్‌కార్ట్‌తో మొదలుపెట్టాడు. తర్వాత 0 ఏ.డీ. అనే యుద్ధవ్యూహపు ఆట. అందులో మౌర్యులు ఉన్నారు, ఏనుగుల దళంతో సహా. ఈ రెండూ నా సొంత గ్రాఫిక్స్‌తోనే ఆడాడు. ఆ రెంటి కోడూ అందరిది. పెద్ద ఆటలు కావాలన్నప్పుడు అక్క సెకండ్ హ్యాండ్‌లో ఆర్ఎక్స్ 550 గ్రాఫిక్స్ కార్డు తెచ్చింది. ఆఫీసు డెస్క్‌టాప్‌ల పవర్ సప్లై చిన్నది, గ్రాఫిక్స్ కార్డుకు వేరే వైరు ఉండదు. స్లాటు నుంచి వచ్చే కరెంటుతోనే నడిచే కార్డు కనుక దాన్ని ఎంచుకుంది. ఏఎండీ కార్డుల డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉండటంతో పెట్టిన వెంటనే గుర్తుపట్టాను.

ఆటలు అమ్మే స్టీమ్ 2013లో లినక్స్‌కు వచ్చింది. కౌంటర్ స్ట్రైక్, డోటా 2 వంటివి నేరుగా లినక్స్ మీదే నడుస్తాయి. విండోస్ కోసం రాసిన ఆటల సంగతి వేరు. అవి డైరెక్ట్3డీలో బొమ్మ గీయమంటాయి, నాకు తెలిసింది వల్కన్. 1993లో మొదలైన వైన్, విండోస్ ప్రోగ్రాము అడిగే పనులను లినక్స్‌కు అర్థమయ్యేలా మారుస్తుంది. డీఎక్స్‌వీకే బొమ్మల భాషను వల్కన్‌లోకి తెస్తుంది. వీటినన్నిటినీ కలిపి వాల్వ్ సంస్థ 2018 ఆగస్టులో ప్రోటాన్‌ను తెచ్చింది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకుని ఆడే యంత్రం కూడా లినక్స్ మీదే నడుస్తుంది. దాని కోసం సరిచేసిన లోపాల ఫలితం వర్ధన్నపేటలో నాకూ అందింది. 2025 అక్టోబర్ స్టీమ్ సర్వేలో లినక్స్ వాటా మొదటిసారి 3 శాతం దాటింది.

వాలరెంట్ మాత్రం నడవదు. దొంగాటను పట్టే దాని కాపలా ప్రోగ్రాము విండోస్ కెర్నెల్‌లోనే కూర్చుంటుంది. ఫోర్ట్‌నైట్ కూడా నడవదు. అక్క ఈ మాట ముందే చెప్పింది గనుక చిన్నోడు గొడవ చేయలేదు. ఆటలు ఆడుతూనే వాడు టెర్మినల్‌లో ఆదేశాలు నేర్చుకున్నాడు. కోడ్ తెరిచి చూసే వీలు ఉండబట్టే వాడికి ఆ కుతూహలం కలిగిందని నేను గట్టిగా నమ్ముతాను. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే పాఠాలు చెబుతున్నారు. మన బడుల్లో గుడ్డ కప్పి మూలన పెట్టిన నా వయసు కంప్యూటర్లతో కూడా ఆ పని చేయొచ్చు.

మీ ఇంట్లోనో షాపులోనో బడిలోనో విండోస్ 10 తేదీతో పక్కన పెట్టిన యంత్రం ఉంటే దాన్ని తుక్కుకు వేయకముందు ఒక పూట కేటాయించండి. ముందు మీ ఫైళ్లు వేరేచోట దాచుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ ఎక్కించి, లోపలి డిస్క్‌ను ముట్టకుండా నడిపి చూడండి. మీ ప్రింటర్, మీ వైఫై, మీ పిల్లలు అడిగే ఆట దాని మీద సరిచూసుకోండి. పనిచేస్తే ఉంచుకోండి, పక్కింటివాళ్లకూ ఒక కాపీ ఇవ్వండి. ఇవ్వడానికి లైసెన్సు ఒప్పుకుంటుంది.