పాలశాలాధ్యక్షుడు

ఉద్యోగ విరమణానంతరము మనుష్యులు పలుమార్గములు త్రొక్కుచుందురు. కొందరు పురాణ కాలక్షేపములకు పోవుదురు. కొందరు చిరకాలముగా వాయిదా వేసికొన్న దాయాదుల వ్యాజ్యములకు తీరిక చేసికొందురు. మరికొందరు అమెరికాలోని మనుమల నెత్తుకొనుటకు విమానమెక్కుదురు. ఇటీవల గుంటూరు, కృష్ణా మండలములయందును, హైదరాబాదు పొలిమేరలయందును ఈ మూడు తెగలకును చెందని నాల్గవ తెగ యొకటి బయలుదేరినది. వీరు భవిష్యనిధి సొమ్ముతో అరయెకరము నేల కొని, రేకుల కొట్టము వేసి, పదియో పండ్రెండో సంకరజాతి యావులను తోలుకొనివచ్చి, యంత్రముతో పాలు పిండించి, గాజు సీసాలలో పోసి, తెలిసినవారి యిండ్లకు పంపుచుందురు. ఒంగోలు గోవు దూడను చూడనిదే చేపదనియు, జెర్సీ సంకరము యంత్రమునకును చేపుననియు వీరు మొదటి దినముననే మనకు ఉపదేశింతురు. వీరిలో శౌచమును, శాంతిని పరమధర్మములుగా వరించినవాడు ఊరికొక్కడైనను ఉండకపోడు. వానికి పాలశాలాధ్యక్షుడని పేరిడితిని.

ఇతడు కొలువున నున్నంతకాలము తన బల్లమీది ధూళిని తానెన్నడును తుడిచి యెరుగడు. కాగితపు కట్టలలో చెదలు సంసారము చేసినను చలింపని స్థితప్రజ్ఞుడు. అట్టివాడు నేడు తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి, స్నానమాడి, ఉతికిన పంచె యెగగట్టి, మోకాళ్ళవరకు రబ్బరు బూట్లు తొడిగికొని, పాలగొట్టపు మూతిలో తెల్లని జేబురుమాలును త్రిప్పి తీసి, దానిని దీపమునకు అడ్డముగా పట్టి పరీక్షించును. రుమాలున మరక కనబడెనా, ఆనాడు పాలేరుకు మూడినదన్నమాట. కనబడదా, తన చూపు మందగించినదేమోయని కంటివైద్యుని యొద్దకు పరుగెత్తును.

అతని పాలశాలలో నడుగిడగోరు వాడు గుమ్మమునందలి మందునీటి తొట్టిలో పాదములు ముంచవలెను, చేతిగోళ్ళు చూపవలెను, అత్తరు పూసికొన్నచో వెలుపలనే నిలువవలెను. ఒక సంక్రాంతికి ఇంటికి వచ్చిన వియ్యంకుని సైతము గోళ్ళు చూపుమని యడుగగా, ఆయన అలిగి, అరిసె ముట్టకయే బండియెక్కెను. "పోతే పోనీయవే! ఆయన చిటికెన వేలి గోరు చూశావా? అందులో ఎన్ని క్రిములుంటాయో నీకేం తెలుసు?" అని అధ్యక్షులవారు విలపించుచున్న ఇల్లాలిని ఊరడించిరి.

ఆరంభదశలో ఇతని శౌచదీక్ష మితిమీరి యుండెను. పాలశాల నేలకు మెరుగుపెట్టిన తెల్లని పలకలు పరపించి, దినమునకు మూడుమారులు కడిగించి, తన మీసములు తనకు నేలలో కనబడుచున్నవని పొంగిపోయెను. ఆవులకు మాత్రము ఆ శోభ రుచింపలేదు. గోవు తలవంచి నేలను పరికించుచు నడచు జంతువు. తడినేలయందలి ప్రతిబింబమును, అడ్డముగా పడిన నీడను, మురుగుకాలువపై పరచిన ఇనుప కమ్ములను చూచి ఇది ఎట్టి యపాయమోయని శంకించును. గిట్టకు పట్టు దొరకక ఒక్కమారు జారెనా, ఆ గడపను మరల త్రొక్కుటకు బహుకాలము జంకును. ముందున్న యావు గుమ్మమున కాళ్ళు బిగబట్టి నిలిచెను, దాని వెనుకది నిలిచెను, వరుసయంతయు నిలిచెను. తుదకు మేస్త్రీ వచ్చి, ఆ పలకలను పెరికి, గరుకు సిమెంటు పోసి, గిట్టలకు పట్టుగా గీతలు చెక్కిన పిమ్మటగాని గోగణము లోనికి కదలలేదు.

ఇక ఫినాయిలు కథ. పాలలోని వెన్నకు చుట్టుప్రక్కల వాసనలను పీల్చుకొను స్వభావము కలదు. అధ్యక్షులవారు క్రిమిసంహారోత్సాహమున నేలను, గోడలను, గాటిని ఆ ద్రవముతో అభిషేకించుచుండగా, వారము తిరుగకమునుపే వాడుకదారులు సీసాలు పుచ్చుకొని వచ్చి, "మాస్టారూ, మా ఇంట్లో కాఫీ ఆసుపత్రి వాసన కొడుతోందండీ" అని మొరపెట్టుకొనిరి. పిమ్మట ఆవులకు పాలు పిండుటకు ముందు తలనుండి తోకవరకు స్నానము చేయించు వ్రతము పట్టెను. ఒడలినుండి కారిన మురికినీరు పొదుగుమీదుగా చనుమొనలకు దిగి, అచటినుండి యంత్రపు గిన్నెలలోనికి చేరునని అతనికి తోపలేదు. చనుమొనలను మాత్రము తుడిచి, ఆవున కొక వేరు గుడ్డతో తడి యారునట్లు ఒత్తవలెనన్న రహస్యము గ్రహించుటకు ఒక వేసవి పట్టినది. ఆ వేసవిలో రెండావులకు పొదుగువాపు వచ్చినది.

ఇప్పటి అతని క్రమమును మాత్రము తప్పుపట్టుటకు వీలులేదు. ప్రతి చన్నునుండియు మొదటి నాలుగు ధారలను నల్లని గిన్నెలోనికి తీసి, విరుగుడు కనబడునేమోయని చూచును. తుడిచి, ఆరబెట్టి, యంత్రము తగిలించును. పిండుట ముగియగనే చనుమొనలను అయోడిను మందులో ముంచును. వెంటనే గాటిలో పచ్చగడ్డి వేయించును. పాలు తీసిన పిమ్మట చనుద్వారము మూసికొనుటకు సుమారు అరగంట పట్టును గనుక, ఆ యరగంటయు ఆవు మురికినేలపై పండుకొనక మేయుచు నిలుచుట క్షేమము. ఇది శాస్త్రము. గడియారము చేతబట్టి ప్రతి యావుముందును నిలిచి, "అమ్మా, తల్లీ, ఇంకొక్క పదినిముషాలు! మా అమ్మవు కదూ!" అని బ్రతిమాలుట శాస్త్రమున లేదు, అది యతని స్వకీయము. కాపురమునకు వచ్చిన నాటినుండి తాను విని యెరుగని ఆ మార్దవమును ఇల్లాలు వంటింటి కిటికీలోనుండి వినుచుండును. రఘువంశమున దిలీపుడు నందిని నిలిచిన నిలిచెను, కూర్చున్న కూర్చుండెను. మనవాడు ఆవు కూర్చుండబోయిన కూర్చుండవలదని ప్రార్థించును. ఆ మహారాజు వ్రతము 21 దినములతో ముగిసి కుమారుని కలిగించెను. ఇతని వ్రతమునకు అంతము లేదు, ఉన్న కుమారుడు బెంగుళూరునుండి ఫోనైనను చేయుట లేదు.

గొట్టములు కడుగుటయందలి మర్మమును అతడు పెండ్లిండ్లలో బంతిమధ్యమున బోధించును. తొలుత గోరువెచ్చని నీరే పోయవలెను. సలసల కాగు నీరు పోసినచో పాలలోని మాంసకృత్తులు ఉడికి గొట్టమునకు కరచుకొనును. పిదప వేడి సోడానీరు. అప్పుడప్పుడు పాలచట్టు విడుచుటకు ఆమ్లము. పాలగిన్నెను నానబెట్టి తోముట పెండ్లికి పూర్వమే యెరిగిన యిల్లాలు ఈ యుపన్యాసమును విని యావులించుటలో అపరాధమేమియు లేదు.

శౌచప్రకరణము ముగిసినంతనే శాంతిప్రకరణము ప్రారంభమగును. పొదుగునకు కలిగిన స్పర్శ మెదడు నందుకొనగా, అచటి పిట్యూటరీ గ్రంథినుండి ఆక్సిటోసిన్ అను రసము రక్తమున కలిసి ఒకటి రెండు నిమిషములలో పొదుగును చేరును. అపుడు ఆవు చేపును. ఆ ప్రభావము నిలుచునది కొలది నిమిషములే. ఆలోపల పిండుకొన్నవాడే ధన్యుడు. నడుమ ఆవు బెదరెనా, అడ్రినలిన్ అను వేరొక రసము అడ్డుతగులును, పాలు ఎగచేపును. 1941లో అమెరికాయందు ఈలీ, పీటర్సన్ అను శాస్త్రజ్ఞులు ఆవు వీపుపై పిల్లిని కూర్చుండబెట్టియు, చెంత కాగితపు సంచులను పగులగొట్టియు దానిని బెదరించి, ఈ సంగతిని పరీక్షించిరి. (పిల్లిని విచారించినవారు లేరు.) ఈ వృత్తాంతము చదివిన నాడే అధ్యక్షులవారు ఇంటి పిల్లిని గోనెసంచిలో వేసి పొరుగూరికి పంపించివేసిరి, నెల తిరుగకమునుపే దాణాకొట్టు ఎలుకల పాలయ్యెను.

నాటినుండి పాలు పిండు వేళల ఆ యావరణమున సెల్లుఫోను మ్రోగరాదు, మోటారుసైకిలు రారాదు, వంటింట కుక్కరు ఈల వేయరాదు గనుక పప్పు కుండలోనే ఉడుకవలెను. సూదిమందు వేసినవానిని ఆవు మరువదని చెప్పి, పశువైద్యుని తెల్లకోటు విప్పించి, పాలేరు చొక్కా తొడిగించి లోనికి పంపును. ఇన్ని కట్టుబాట్ల మధ్య అచట చప్పుడు చేయు ప్రాణి ఒక్కటే కలదు, అది అధ్యక్షుడు. ఎవరైన దగ్గబోవుటయే తడవుగా వ్రేలు పెదవులపై నుంచి "ఉష్ష్!" అనును. ఆ ధ్వని తోకత్రొక్కిన త్రాచు బుసవలె నుండుటచేత మొదటి యావు ఉలికిపడి తోకయెత్తును. బెదరిన పశువు పేడవేయుట సృష్టిధర్మము. కడిగిన నేలపై పేడ పడుట చూచి అతడు "అయ్యయ్యో!" యని చీపురుతో దుముకును, అది చూచి రెండవది, దానిని చూచి మూడవది. ఈ విధముగా శాంతికై చేసిన యత్నము అశాంతిని, అశాంతి అశౌచమును, అశౌచము మరల చీపురును కల్పించుచు, చక్రము ప్రతిదినమును రెండుపూటల తిరుగుచుండును.

యంత్రము తగిలించుటకు వచ్చు వృద్ధురాలొకతె కలదు. ఒకే వేళకు వచ్చి, అదే రంగు చీర కట్టి, అదే వరుసలో ఆవుల వెన్నులపై చేయివేసి, "ఓ లక్ష్మీ, జరుగమ్మా" యని లోగొంతుకతో పలుకరించుటకంటె ఆమె వేరొండు శాస్త్రము నెరుగదు. "బాబుగారూ, తమరు కాస్త అరుగుమీద కూర్చోండి. గొడ్డుకి తమరంటే బెదురు" అని ఆమె పలుమారులు మనవి చేసికొన్నది. బెదురునకు కారణము గోడకు వేసిన సున్నపు తెలుపేయని నిశ్చయించి అతడు గోడలకు ఆకుపచ్చరంగు వేయించెను. ఒకప్పుడు మేనకోడలి వివాహమునకు రాజమహేంద్రవరము పోయి నాలుగు దినములుండి తిరిగివచ్చి పద్దుపుస్తకము తెరచి చూడగా, ఆ నాలుగు దినములును పాలు పెరిగియున్నవి. నేలయు ఎన్నడులేనంత శుభ్రముగా నున్నది.

"ఏం మందు పెట్టావే?"

"మందేం లేదు బాబుగారూ. తమరు లేరు."

అతడు చాలసేపు ఆలోచించి, మార్పు తవుడులోనిదని తేల్చుకొని, తవుడువర్తకునికి కృతజ్ఞతాపూర్వకముగా లేఖ వ్రాసెను.

ఇంత చెప్పియు ఒక్కమాట చెప్పకున్న దోషము. ఆవు చేపకున్నచో ఆక్సిటోసినును సూదిద్వారా ఎక్కించి పిండుకొను పాపాత్ములు మన దేశమున కలరు; పశువున కపకారముగా నట్టి సూదులు పొడుచుట 1960 నాటి పశుహింసా నివారణ చట్టమునుబట్టి నేరము. మన అధ్యక్షుడు చట్టము లేకున్నను ఆ పని చేయడు. పిండిన పాలను జాగుచేయక 4 డిగ్రీలకు చల్లార్చును; చుక్క నీరు కలుపడు; ఒకనాడు ఒక యావునకు మందువాడెనేని, ఆ మందుప్రభావము పోవుదాక దాని పాలు పారబోయునేకాని సీసాకెక్కింపడు. ధర లీటరునకు నాలుగు రూకలు ఎక్కువయైనను అతని పాలు కొనదగినవి. పిండు వేళకు మాత్రము చూడబోకుడు. రాజమహేంద్రవరమున అతని బంధువులయింట మరియొక పెండ్లి కుదిరినదని వినుచున్నాను. ఆ నాలుగు దినములును ఒక సీసా ఎక్కువగా చెప్పియుంచుడు.