ఆలు లేదు, చూలు లేదు, స్కేలు సోమలింగం

మూడొందల మంది పనిచేసే కంపెనీకి సెలవు పెట్టుకునే వెబ్ అప్లికేషన్ కావాలి. ఉద్యోగి తేదీ రాస్తాడు, మేనేజరు సరే అంటాడు, ఖాతాలో ఒక రోజు తగ్గుతుంది. పని ఇంతే. ఒక ప్రోగ్రాము, ఒక డేటాబేసు, ఒక సర్వరు చాలు. భయస్తులైతే పక్కన ఇంకో సర్వరు పెట్టుకోవచ్చు. కానీ ఈ మాట మీటింగులో అనే ధైర్యం ఎవరికీ ఉండదు. అప్పటికే ఆర్కిటెక్టు గారు బోర్డు దగ్గర నిలబడి మార్కరు మూత తీసేసి ఉంటారు.

ముందు ఒక డబ్బా: ఉద్యోగి సర్వీసు. పక్కన సెలవు సర్వీసు. ఆ తర్వాత మేనేజరు సర్వీసు, పండగల క్యాలెండరు సర్వీసు, నోటిఫికేషన్ సర్వీసు. ప్రతిదానికీ సొంత డేటాబేసు. గుమ్మంలో ఏపీఐ గేట్‌వే, మధ్యలో సందేశాలు మోయడానికి కాఫ్కా, ఎవరెక్కడున్నారో చెప్పడానికి యురేకా. అన్నింటినీ డాకర్‌లో కుక్కి కుబర్నెటిస్ నెత్తిన పెట్టాలి. వీటిలో ఏది పడిపోయిందో వెతకడానికి మళ్ళీ ఇంకో యంత్రాంగం. బోర్డు నిండాక, కొత్తగా చేరిన అమ్మాయి ఎవరో "ఇంత ఎందుకు సార్?" అంటుంది. "రేపు స్కేల్ అవ్వాలి కదమ్మా!" ఆ రేపు ఎప్పుడొస్తుందో మాత్రం ఎవరూ అడగరు. రెండు తెలుగు రాష్ట్రాల జనాభా మొత్తం ఆ కంపెనీలోనే చేరి, ఒకే సోమవారం పొద్దున అందరికీ జ్వరం వస్తే తప్ప ఆ స్కేలుకి అక్కర పడదు.

ఒక ప్రోగ్రాములో ఒక ఫంక్షన్ ఇంకోదాన్ని పిలవడానికి కొన్ని నానోసెకన్లు పడతాయి. అదే పిలుపు డేటా సెంటర్లో ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి వెళ్ళి రావాలంటే అటూ ఇటూగా అర మిల్లీసెకను. సుమారు లక్ష రెట్లు ఆలస్యం. సరే, అర మిల్లీసెకనుకి ఎవరి కొంపా మునగదు. మునిగేది లెక్క దగ్గర. సెలవు మంజూరవడం, ఖాతాలో ఒక రోజు తగ్గడం, ఈ రెండూ జరిగితే కలిసి జరగాలి, లేకపోతే రెండూ జరగకూడదు. ఒకే డేటాబేసు ఉంటే దాన్ని ట్రాన్సాక్షన్ చూసుకుంటుంది. ఎక్కడ తేడా వచ్చినా రోల్‌బ్యాక్ అయి, ఏమీ జరగనట్టే ఉంటుంది. దశాబ్దాల క్రితమే తేల్చేసిన సమస్య ఇది. డేటాబేసుని చేజేతులా రెండు ముక్కలు చేశాక దాన్నే కొత్తగా కనిపెట్టుకోవాలి. దానికి సాగా ప్యాటర్న్. ఒక అడుగు తప్పితే, వెనకటి అడుగులన్నింటినీ సరిదిద్దే కోడ్ మనమే రాసుకోవాలి. అది కూడా తప్పితే? అప్పుడు ఎవెంచువల్ కన్సిస్టెన్సీ. అంటే లెక్క ఎప్పుడో ఒకప్పుడు సరిపోతుందని భరోసా. ఉద్యోగి తిరుపతి వెళ్ళి, గుండు చేయించుకుని, జుట్టు మళ్ళీ మొలిచాక అనుమతి మెయిల్ వస్తుంది.

పైగా ఆ ముక్కల మధ్య ఉండేది నెట్‌వర్కు. అది ఎప్పుడూ నమ్మకంగా పనిచేస్తుందనుకోవడం మొట్టమొదటి భ్రమ అని సన్ మైక్రోసిస్టమ్స్‌లో పీటర్ డాయిచ్, ఆయన సహచరులు 1990లలోనే జాబితా రాసి పెట్టారు. ఆ జాబితా ఇంటర్వ్యూల్లో అడుగుతారు గానీ బోర్డు దగ్గర ఎవరికీ గుర్తురాదు.

ఈ జబ్బు కొత్తదా అంటే, కాదు. ఇదే సన్ కంపెనీ 1998లో ఎంటర్‌ప్రైజ్ జావా బీన్స్‌ని విడుదల చేసింది. చిన్న పని చెయ్యాలన్నా ఒక హోమ్ ఇంటర్‌ఫేసు, ఒక రిమోట్ ఇంటర్‌ఫేసు, ఒక బీన్ క్లాసు, వీటన్నింటినీ వర్ణిస్తూ బారెడు ఎక్స్‌ఎంఎల్. రెండు బీన్స్ ఒకే యంత్రంలో పక్కపక్కనే ఉన్నా, పక్క గదిలో తమ్ముడికి రిజిస్టర్డ్ పోస్టు వేసినట్టు రిమోట్‌గానే పలకరించుకోవాలి. లోకల్ ఇంటర్‌ఫేసులు 2001లో వచ్చిన రెండో తరం బీన్స్‌కి గానీ రాలేదు. దీని మీద విసుగెత్తి రాడ్ జాన్సన్ అనే ప్రోగ్రామరు 2002లో లావుపాటి పుస్తకం రాశాడు. దాంట్లోని కోడే పెరిగి స్ప్రింగ్ అనే ఫ్రేమ్‌వర్కు అయింది. తద్దినాలు తగ్గించడానికి పుట్టిన ఆ స్ప్రింగ్‌లోనే ఆబ్‌స్ట్రాక్ట్‌సింగిల్టన్‌ప్రాక్సీఫ్యాక్టరీబీన్ అనే క్లాసు ఉంది. నేను కల్పించలేదు, నిజంగానే ఉంది. ఒక్క ఊపిరిలో చదివినవాళ్ళకి దండం పెట్టొచ్చు.

సాఫ్ట్‌వేర్ డిజైన్ మీద పుస్తకాలు రాసే మార్టిన్ ఫౌలర్ సంగతి ఇంకా సరదా. డిస్ట్రిబ్యూటెడ్ ఆబ్జెక్టుల మొదటి సూత్రం "వాటిని డిస్ట్రిబ్యూట్ చెయ్యొద్దు" అని 2002 నాటి పుస్తకంలో రాసిన మనిషే, 2014లో జేమ్స్ లూయిస్‌తో కలిసి మైక్రోసర్వీసుల మీద, అంటే బోర్డు మీది ఈ ముక్కల పద్ధతి మీద, వ్యాసం రాశాడు. ప్రపంచమంతా చదివింది. ముందు ఒకే ముక్కగా కట్టండి, అవసరమైతే తర్వాత విడగొట్టండి అని 2015లో మళ్ళీ రాశాడు. మన ఆర్కిటెక్టు గారు అప్పటికే బ్రౌజరు మూసేశారు.

న్యాయంగా చెప్పాలంటే, వందల టీములు ఒకదాని కోసం ఒకటి ఆగకుండా రోజూ కోడ్ విడుదల చెయ్యాల్సిన చోట ఈ పద్ధతికి అర్థం ఉంది. ఈ దారి పట్టిన నెట్‌ఫ్లిక్స్ బాధ నిజమైన బాధ. ఆ మందు ఎనిమిది మంది టీముకి పట్టించడమే విడ్డూరం. తలా రెండు సర్వీసులు పంచుకుని, పక్క కుర్చీలో వాడితో ఏపీఐ ఒప్పందాలు రాసుకుంటారు. 2023లో అమెజాన్ ప్రైమ్ వీడియోలో ఒక టీము, వీడియో నాణ్యతను కనిపెట్టి చూసే తమ పనిముట్టును ముక్కల నుంచి ఒకే ప్రాసెస్‌లోకి తెచ్చి, ఖర్చు 90 శాతానికి పైగా తగ్గిందని స్వయంగా రాసింది. ఇది చూపిస్తే "అది వాళ్ళ ప్రత్యేక పరిస్థితి" అంటారు ఆర్కిటెక్టు గారు. నిజమే. నెట్‌ఫ్లిక్స్ పరిస్థితి మాత్రం అచ్చం మన సెలవు చీటీలాంటిదే!

అసలు కిటుకు స్కేలులో లేదు, రెజ్యూమేలో ఉంది. అమీర్‌పేటలో ఒకప్పుడు స్ట్రట్స్, హైబర్నేట్ అని రాసిన ఫ్లెక్సీల చోట ఇప్పుడు స్ప్రింగ్ బూట్ విత్ మైక్రోసర్వీసెస్ అని ఉంటుంది. ఇంటర్వ్యూలో "మీ ప్రాజెక్టులో ఎన్ని మైక్రోసర్వీసులు?" అని అడుగుతారు. "ఒక్కటే సార్, బాగా పనిచేస్తుంది" అన్న కుర్రాణ్ణి మళ్ళీ పిలవరు. పైగా క్లయింటుకి బిల్లు వేసేది తలకాయల లెక్కన. ఒక ప్రోగ్రాముకి ముగ్గురు చాలు. పాతిక సర్వీసులకు డెవాప్స్‌తో కలిపి ఒక అంతస్తు మొత్తం నిండుతుంది.

ఇప్పుడు గాలి మళ్ళీ తిరుగుతోంది. విడగొట్టినవాటిని కలిపి, లోపల గోడలు సరిగ్గా కట్టుకోవడాన్ని మాడ్యులర్ మోనోలిత్ అంటున్నారు. పాత ప్రోగ్రామే, పట్టుపంచె కట్టుకుని వచ్చింది. విడగొట్టిన ఆర్కిటెక్టు గారే కలిపే ప్రాజెక్టుకీ అంచనా తయారుచేసి పంపారు. పద్దెనిమిది నెలలు పడుతుందట. టీములో మాత్రం ఒక్కరినీ తగ్గించక్కర్లేదట.